ఐదు నిమిషాలు నేను మాట్లాడలేదు

రొట్టెముక్కల అంచులు కోస్తుంటే మా ఆయన గార్త్ వచ్చి నా బ్యాగు ఎత్తి చూశాడు. "ఏం లరే, కొండలు చూడ్డానికా, యుద్ధానికా వెళ్తున్నాం?" అన్నాడు. లరే అంటే నేనే. అందులో నీళ్ళు, గాయాలకి కట్టే గుడ్డ, ఎండకి రాసే క్రీము, పాము కరిస్తే ఏం చెయ్యాలో రాసిపెట్టుకున్న కాగితం. ఆ కాగితం చదివి మరీ నవ్వాడు. పిల్లలూ నవ్వారు. రిచ్‌ఫీల్డ్‌లో మా ఇంటి నించి కాపిటల్ రీఫ్ పార్కుకి గంటంపావు దారి. దారంతా నేను మబ్బులే చూశాను. ఎక్కడో పైన వాన పడితే చాలు, కింద ఎండ కాస్తుండగానే ఇరుకు లోయలోకి ఎర్రనీళ్ళు గోడలా వచ్చి పడతాయి. "మన వాతావరణ కేంద్రం ఏమంటోంది?" అని గార్త్ నన్నడిగాడు. వెనకసీట్లోంచి పిల్లలిద్దరూ "అందరం చచ్చిపోతాం!" అని ఒక్కసారే అరిచారు. కూతురు తొమ్మిదేళ్ళ ఆబ్రీ, కొడుకు ఆరేళ్ళ కోల్బీ.

నేను ఇలా పుట్టలేదు. మా అన్నలతో పోటీపడి వంతెన మీంచి కాలవలోకి దూకినదాన్ని. కోల్బీకి మూడేళ్ళప్పుడు పెరట్లో ట్రాంపోలిన్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడి పక్కన ఉన్నది గార్త్. నేను బడి వంటింట్లో రెండొందలమంది పిల్లలకి బంగాళాదుంపలు వడ్డిస్తున్నాను. ఏప్రన్ విప్పకుండానే ఆస్పత్రికి పరిగెత్తాను. నన్ను చూడగానే మా అత్తగారు అన్న మొదటి మాట, "నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు?" డాక్టరూ నన్నే అడిగాడు. పరామర్శకి గిన్నెల్లో వండి తెచ్చిన చర్చి ఆడవాళ్ళూ నన్నే అడిగారు. పక్కనే నిలబడ్డ గార్త్‌ని ఒక్కరూ అడగలేదు. అప్పటినించీ చెయ్యి అందని చోటికల్లా నోరు పంపించడం నేర్చుకున్నాను.

పార్కు కాపలా చూసే రేంజరమ్మాయి పిల్లలకి తలో పుస్తకం ఇచ్చింది. పేజీలు నింపి చూపిస్తే, పార్కుని కాపాడతామని ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. ఒక పేజీలో మధ్యన ఇంటూ గుర్తు ఉంది. అది మీరు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, చుట్టూ ఏం వినిపిస్తే అది రాయండి అని ఉంది.

"మీ అమ్మ ఐదు నిమిషాలు నోరు మూసుకుంటే ఆ బ్యాడ్జి ఆవిడకే ఇచ్చెయ్యాలి," అన్నాడు గార్త్.

నాకు పంతం వచ్చింది. ఎర్రటి కొండగోడ నీడలో నలుగురం కూర్చున్నాం. కోల్బీ బండ ఎక్కాడు. నాలుక పళ్ళకింద పెట్టుకున్నాను. బండ అంచున కాళ్ళు వేలాడేశాడు. చేతివాచీలో ముల్లు చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు.

అయ్యాక పుస్తకాలు తీసుకుని చూశాను. కోల్బీ పేజీలో కాకి, గాలి, ఈగ, నాన్న చిప్స్ నమలడం. ఆబ్రీ పేజీలో గుండ్రటి అక్షరాలతో, ఇంటూ గుర్తు చుట్టూ దడికట్టినట్టు: ఎక్కకు. అక్కడ పాములుంటాయి. తమ్ముణ్ని చూడు. అంచు. మబ్బు. జాగ్రత్త.

"ఇదేంటే తల్లీ? నేను నోరే ఎత్తలేదుగా?"

"ఎత్తలేదమ్మా," అంది. "అయినా వినిపించింది." నా మొహం చూసి కంగారుగా రబ్బరు తీసింది. "తప్పా? చెరిపెయ్యనా? బ్యాడ్జి ఇవ్వరా?"

వద్దన్నాను. వంటకి, బట్టలకి కనీసం మాటవరసకైనా మా ఇంట్లో వంతులున్నాయి. భయపడే పనికి లేవు. అది నేనొక్కదాన్నే చేస్తే మిగతావాళ్ళు హాయిగా నవ్వుకుంటారనుకున్నాను. గార్త్ నవ్వగలిగింది నేను భయపడబట్టేనని ఆయనకి తెలియదు. ఆ నవ్వు కోల్బీకి వచ్చింది. నా పని మాత్రం నా కూతురికి ఇచ్చేశాను, ఎప్పుడిచ్చానో కూడా తెలియకుండా. కారులో తమ్ముడితో కలిసి అరిచిన పిల్ల ఆ మాట హాస్యానికే అందా అని అప్పుడు అనుమానం వచ్చింది.

అక్కణ్నించి పైకి ఎక్కాం. లోయ కనిపించే చోట అంచుకి అడ్డంగా ఇనుప కమ్మీ ఉంది. ఎన్నిసార్లు వచ్చినా నేనెప్పుడూ దాని దగ్గరికి వెళ్ళలేదు. బ్యాగు తీసి గార్త్ భుజాన తగిలించాను.

"ఇదేంటి?"

"ఇవాళ్టికి భయపడ్డం నీ వంతు."

"భయపడ్డానికేముందిక్కడ?" అని నవ్వాడు.

"చూస్తూ ఉండు. తెలుస్తుంది." ఆబ్రీకి చెయ్యి చాపాను. "రా, మనిద్దరం చూద్దాం."

అది నా చేతిని చూసింది. బండలమీద ఎగురుతున్న కోల్బీని చూసింది, చిప్స్ కోసం బ్యాగులో వెతుకుతున్న నాన్నని చూసింది.

"నువ్వెళ్ళమ్మా. తమ్ముణ్ని ఎవరో ఒకరు చూడాలిగా."

తొమ్మిదేళ్ళు దానికి. లాక్కెళితే రాదని తెలిసింది. ఒక్కదాన్నే నడిచాను. వెనక కోల్బీ కెవ్వుమన్నాడు, ఆటకో నిజానికో. మెడ దానంతటదే తిరగబోయింది, బిగబట్టాను. గార్త్ అడుగులు వాడివైపు పరిగెత్తడం వినిపించింది. కమ్మీ ఇంకా నాలుగడుగులుంది.

"అమ్మా! అంచు దగ్గరికి వెళ్ళకు!" అంది ఆబ్రీ, అచ్చం నా గొంతుతో.

ఇంకో అడుగు వేశాను, అది చూస్తోంది కాబట్టే.