ఎవరి నీడకు వారి అడుగులు

గైడు చూసి ఎక్కించిన హోంవర్క్ కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగో తరగతిలో పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు నోటుబుక్కుల్లో ఒకటే జవాబు! అందుకే ఈసారి సాంఘికశాస్త్రం పుస్తకం మూయించాను. "గడియారాలు లేనప్పుడు మన ఊళ్ళో టైం ఎలా తెలిసేదో పెద్దవాళ్ళను అడిగి రండి" అన్నాను. జవాబు నాకూ తెలియదు.

మర్నాడు మూడింటికి రూప తండ్రి ధర్మేందర్ బడి మీదికి వచ్చాడు. వెనక రూప ఏడుపు మొహంతో నిలబడింది.

"టీసీ ఇయ్యుండ్రి మేడం. కోదాడల ప్రైవేటు స్కూల్ల ఏస్త. సదువు చెప్పమంటే మా బిడ్డను ఆ పెద్దులు ఇంటికి తోలుతరా?"

పెద్దులు ఒకప్పటి నీరటి. చెరువు నీళ్ళను వంతులవారీగా పొలాలకు వదిలేవాడు. ఎండలో మనిషి నీడను అడుగులతో కొలిచి, ఇన్ని అడుగులైతే ఒకరి వంతు అయిపోయినట్టు లెక్కట. రూప రాసుకొచ్చింది అదే.

"ఎవల అడుగులు మేడం? ఆయన పొడుగు, మా నాయిన పొట్టి. ఆయన నీడను ఆయన కొలిస్తే ఒక తీరు, మా నాయిన కొలిస్తే ఇంకో తీరు. గట్లనే మా వంతు నీళ్ళు తిన్నడు. మా నాయిన పోయేదాక ఆయన గడప తొక్కలే."

మాట సబబుగానే తోచింది. రూపే మెల్లగా నోరు విప్పింది.

"ఎవల నీడ వాళ్ళ అడుగులతోనే కొల్వాలంట డాడీ. ఎవలు కొల్సినా ఒక్కటే అయితదంట."

"ఎట్లయితది? సూపియ్!"

ముగ్గురం బడి ముందు ఎండలోకి వెళ్ళాం. రూప కదలకుండా నిలబడితే, నీడలో తల పడ్డ చోట నేను గీత గీశాను. రూప మడమకు కాలి వేలు ఆనిస్తూ అడుగులేసి కొలిచింది. ఎనిమిది.

ధర్మేందర్ చెప్పులు విప్పి నిలబడ్డాడు. అతని నీడ చాలా పొడుగు. పెదవులు కదుపుతూ కొలిచాడు. ఎనిమిది. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. నన్నూ నిలబెట్టాడు. నాదీ ఎనిమిదికి కాస్త అటూ ఇటూ.

"ఎందుకు గిట్లయితది మేడం?"

"ఎత్తుకు తగ్గ పాదం ఉంటుంది కదండీ, అందుకేనేమో."

అతను అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "మా నాయినకు గిది ఎవలు చెప్పలే" అన్నాడు.

మట్టి దులుపుకుని లేచి, "టీసీ వద్దు మేడం" అని రూప చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దులు మామ ఇంట్ల ఉంటడా బిడ్డా? జర నన్ను గూడ తోల్కపో. నేను అడగాల్సినయి శానా ఉన్నయ్."