నూటపది వోల్టుల అద్దాలు

మా కళాకారుల గుంపులో ఎవరికీ విడిగా పేరు లేదు. ఏ పని గోడకెక్కినా కింద గుంపు పేరే ఉండాలని మా పెద్ద అనిబాల్ నియమం పెట్టాడు. పత్రికల వాళ్లకు మాత్రం అనిబాల్ ఒక్కడే తెలుసు, అది వేరే సంగతి. సొంత ఊరు రొసారియో వదిలి పారిస్ చేరిన మా ఆరుగురిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. అందరి అద్దాలూ నేనే కోసేదాన్ని. "నెలిదా చేతిలో అద్దం వెన్నలా తెగుతుంది" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండేది.

పంతొమ్మిదివందల అరవైనాలుగులో, చివరికి, సొంతంగా ఒకటి చేశాను. సన్నని అద్దపు పట్టీలు, వాటిని తిప్పడానికి కుట్టుమిషను మోటారు, పక్కన ఒక దీపం. మోటారు వేగం అందుకుంటే పట్టీలు కనబడకుండా పోయి గాలిలో వెలుగు మాత్రం నిలబడేది. నాకు కావలసింది అదే. మా గుంపు పెట్టబోయే ప్రదర్శనలో అది నిలిస్తే నేనూ కళాకారిణిని, లేకపోతే మళ్లీ వాళ్ల అద్దాలు కోసుకునేదాన్ని.

ప్రారంభం రోజు సాయంత్రం మీట నొక్కితే దీపం ఎర్రగా, గుడ్డిగా వెలిగింది. పట్టీలు బద్ధకంగా కదిలాయి. మేం పనిచేసే షెడ్డులో కరెంటు రెండువందల ఇరవై వోల్టులు, ప్రదర్శన పెట్టిన వీధిలో ఇంకా నూటపదే. అద్దాలను వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచిన నాకు కరెంటు సంగతి అడగాలని తోచలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కోసం పరుగెత్తాను.

ఆ డబ్బా మోసుకుని తిరిగొచ్చేసరికి నా పని ముందు జనం కిటకిటలాడుతున్నారు. పట్టీల్లో తమ చెవో ముక్కో మెల్లగా దాటిపోతుంటే చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. అనిబాల్ ఒక విలేకరికి చెబుతున్నాడు.

"ఈ నెమ్మదితనం కోసం మా గుంపు ఏడాదిపాటు తలలు పగలగొట్టుకుందండీ."

అతణ్ణి చొక్కా పట్టుకుని పక్కకు లాగాను.

"ఏం పగలగొట్టుకున్నార్రా? కరెంటు చాలక ఈడుస్తోందది!"

"నోర్ముయ్యవే పిచ్చిదానా. జనానికి నచ్చింది. మనం చేసింది మనమే చెడగొట్టుకుంటామా?"

"మనమెవరు? నేను అద్దాలు బిగిస్తుంటే నువ్వు కాళ్లు చాపుకుని మాతే టీ తాగుతున్నావ్."

"నీకు దణ్ణం పెడతా నెలిదా, ఆ డబ్బా కింద పెట్టు."

పెట్టలేదు. అందరూ చూస్తుండగానే తీగ పీకి ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించాను. దీపం తెల్లగా భగ్గుమంది. మోటారు అరిచింది. పట్టీలతో పాటు జనం ముఖాలూ మాయమై, నేను కోరుకున్న వెలుగు నిలువునా నిలబడింది. నాకైతే కళ్లనీళ్లు తిరిగాయి. ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కగదికి నడిచింది. మిగతావాళ్లూ ఆమె వెనకే కదిలారు.

విలేకరి ముఖం చిట్లించాడు. "ఇందాకటిదే బాగుంది కదా. ఇదెవరి పని?"

"మాది కాదండీ," అన్నాడు అనిబాల్ గబగబా. "ఈవిడది. నెలిదా ఒయార్సాబల్‌ది. మొత్తం తనొక్కతే చేసుకుంది. మాకేం సంబంధం లేదు."

విలేకరి కలం తీశాడు. ఇంటిపేరు సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి నేనే చెప్పాను.