గోడకు గుచ్చిన చీటీ

చీటీ పెట్టి కాపీ కొట్టడం యాభై రెండేళ్ళ వయసులో నేర్చుకున్నాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఇతరుల చీటీలు పట్టుకోవడమే నా ఘనకార్యం.

తూర్పు జర్మనీలో, లోబావ్ అనే ఊరి బడిలో రష్యన్ చెప్పేదాన్ని. నేను వరండాలోకి వస్తే చాలు, పిల్లలు బిక్కచచ్చిపోతారని గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి, నా మొహం మండ. బెర్లిన్ గోడ కూలింది, రెండు జర్మనీలు ఒకటయ్యాయి, రష్యన్ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఇంగ్లీషు నేర్చుకుని పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదని పైనుంచి కాగితం వచ్చింది. మా ఆయన పనిచేసే నేత మిల్లు అప్పటికే మూతపడింది. ఇక ఇల్లు గడవాల్సింది నా జీతం మీదే.

అలా తొంభై రెండు జనవరిలో, ముసలి గుర్రాల్లాంటి పద్నాలుగు మంది రష్యన్ టీచర్లం పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. పాఠం చెప్పే అమ్మాయి వచ్చి, "నా పేరు ఫ్రౌ ట్రెప్టె," అంది. మా అలవాటు అంతే, ఆడవాళ్ళయితే ఇంటిపేరు ముందు 'ఫ్రౌ' చేర్చి చెబితే చాలు. ఆ పేరు వినగానే, ముక్కు మీది ఆ గోధుమ రంగు మచ్చలు చూడగానే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

పదమూడేళ్ళ కిందట ఏడో తరగతి రష్యన్ పరీక్షలో ఇనెస్ ట్రెప్టె అనే పిల్ల దగ్గర చీటీ పట్టుకున్నాను. మందలించి వదిలేస్తే పోయేది. నేనా వదిలేది? తరగతి గోడపత్రిక మీద, ఎర్ర శీర్షిక కింద దాన్ని గుండుసూదితో గుచ్చి, 'తోటివారిని మోసం చేసిన ఇనెస్ ట్రెప్టె' అని నా చేత్తో రాసి పెట్టాను. మూడు వారాలు ఉంచాను. ఆ పిల్ల దాని పక్కనే కూర్చునేది.

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి," అన్నాడు పక్కన కూర్చున్న లోథార్, నా సంగతేమీ తెలియకుండానే. "నిన్నటిదాకా మనం బెత్తం పట్టుకున్నాం, ఇవాళ దెబ్బలు మనకి."

దెబ్బలు బాగానే పడ్డాయి. మా జర్మన్‌లో మంచి వంట అన్నా, బాగా వండింది అన్నా ఒకే మాట. ఇంగ్లీషువాడికి అది చాలదు. పని ఎలా జరిగిందో చెప్పాలంటే మాటకు 'లీ' అని తోక తగిలించాలి. 'స్లో' కాస్తా 'స్లోలీ' అవుతుంది. పోనీ అన్నిటికీ తగిలిద్దామా అంటే, 'ఫాస్ట్'కు తోక లేదు. 'గుడ్' ఏకంగా వేషం మార్చి 'వెల్' అయి కూర్చుంటుంది.

"మన రష్యనే నయం," అని గొణిగాడు లోథార్. "చివర ఒక్క 'ఓ' పెడితే అయిపోయేది."

ఎన్నిసార్లు వల్లెవేసినా తోక లేని ఆ మాటలు నా బుర్రలో నిలవలేదు. పరీక్ష గురువారం. బుధవారం వంటింట్లో కూర్చుని, అవన్నీ చిన్న కాగితం మీద రాసి కళ్ళజోడు పెట్టెలో దాచాను. తప్పని తెలుసు. అయినా దాచాను.

పరీక్షలో ఆ తోకల మీద ఇచ్చిన పది వాక్యాలూ రాగానే పెట్టె తెరిచాను. ఆరో వాక్యం రాస్తుండగా నా బల్ల పక్కన అడుగుల చప్పుడు ఆగింది. ఫ్రౌ ట్రెప్టె చీటీ తీసుకుంది, చదివింది, మడిచి జేబులో పెట్టుకుని ముందుకు వెళ్ళిపోయింది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

"పైవాళ్ళకి రాసెయ్యండి," అన్నాను. నువ్వు అనబోయి సర్దుకున్నాను.

"ఆ పది వాక్యాలకీ సున్నా వేస్తాను. మిగతాది మీరే రాశారు కదా. దాంతో గట్టెక్కితే ఎక్కుతారు, లేకపోతే లేదు."

"అంతేనా?"

"అంతే."

తిట్టినా బాగుండేది. ఉండబట్టలేకపోయాను. "ఇనెస్, ఆ రోజు నీ చీటీ గోడకి గుచ్చాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

ఆమె కాగితాలు సర్దడం ఆపింది. "నేను ఇనెస్‌ని కాదండీ. అది మా అక్క. నేను సిల్కెని, దానికంటే ఒక తరగతి కింద చదివాను. ఇన్నాళ్ళూ నన్ను అక్కే అనుకున్నారా?"

"పోలికలు..."

"పోలికలు తెలిసేంతగా దాన్ని మీరు చూసిందెప్పుడు? గోడ మీద పేరు పడ్డాక పైచదువుల జాబితాలోంచి తీసేశారు దాన్ని. స్టేషన్ రోడ్డు బేకరీలో కౌంటర్ దగ్గరుంటుంది. శనివారం శనివారం మీకు ఆరు సెమ్మెల్ రొట్టెలు కట్టిచ్చేది అదే."

శుక్రవారం జాబితా పెట్టారు. రెండు మార్కుల తేడాతో గట్టెక్కాను. మా ఆయన సంబరపడి వైన్ సీసా తెచ్చాడు. నేను గ్లాసు పక్కకి జరిపాను.

శనివారం బేకరీలో నా ముందు నలుగురు, వెనక ఆరుగురు. కౌంటర్ వెనక, తెల్ల ఏప్రన్ వేసుకుని, ముక్కు మీద మచ్చలతో ఆమె. ఎనిమిదేళ్ళుగా ఆ చేతుల్లోంచి రొట్టె తీసుకుంటున్నాను. ఒక్కసారి మొహం చూసిన పాపాన పోలేదు.

"ఎప్పట్లాగే ఆరేనా టీచర్?"

టీచర్ అంది. నన్ను ఆమె మరిచిపోలేదు.

"ఇనెస్," అన్నాను, అందరికీ వినపడేలా. అప్పుడు అందరూ చదివారు కదా, ఇప్పుడు అందరూ వినాలి. "నీ చీటీ గోడకి గుచ్చి నీ చదువు పాడుచేశాను. మొన్న గురువారం పరీక్షలో నేనూ చీటీ చూసి రాశాను. నన్నెవరూ ఎక్కడా గుచ్చలేదు. నాకు సిగ్గుగా ఉంది."

ఆమె సంచి తెరిచింది.

"అందులో ఏం రాశానో గుర్తుందా మీకు?"

"లేదు."

"నాకుంది." ఒక్కో రొట్టె సంచిలో వేస్తూ, ఒక్కో మాట రష్యన్‌లో చెప్పింది. "బీస్త్రో. మేద్లెన్నో. తీఖో. గ్రోమ్కో. ఖొరొషో. ప్లోఖో."

త్వరగా, మెల్లగా, సడి లేకుండా, గట్టిగా, బాగా, చెడ్డగా. ఆరూ సరిగ్గానే చెప్పింది.

సంచి మూతి మడిచి నా ముందు పెట్టింది.

"ఇంకేమైనా కావాలా?"

"వద్దమ్మా," అన్నాను. ఆమె అప్పటికే నా వెనకాయన వైపు చూస్తోంది.