తేదీ వెయ్యని బదిలీ కాగితం

మా వృత్తిలో ఊరు మారడానికి ఒక వయసుంది. రెండేళ్ళ అనుభవం నిండకముందే పెద్దాఫీసుకు వెళ్తానంటే, "పాలు తాగే పిల్లల్ని పంపుతున్నారేమిటి" అని అక్కడివాళ్ళు నవ్వుతారు. నాలుగేళ్ళు దాటాక వెళ్తానంటే, "మావాళ్ళే వరసలో ఉన్నారు" అని తలుపేస్తారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కంపెనీ లాయర్లను చూసే పుట్టిందేమో! మధ్యలో మిగిలిన ఆ రెండేళ్ళలో ఒకటో రెండో ఖాళీలు వస్తాయి. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ సంగతి నాకు ముప్పయ్యేళ్ళుగా తెలుసు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కూడా చెప్పాను. ఒక్కరి విషయంలో మాత్రం తెలిసి తెలిసి గడ్డి తిన్నాను. ఆ ఒక్కరూ మా అన్నయ్య కూతురు.

ఇంట్లో దాన్ని అందరం పిచ్చుక అంటాం. చిన్నప్పుడు ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. లాయరయ్యాక మాత్రం కుర్చీకి అతుక్కుపోయింది. పుస్తకాల బైండింగు షాపు నడిపే మా అన్నయ్య చేతికి జిగురుతోనే మా ఇంటికొచ్చి, "నీ దగ్గరే పని నేర్చుకోనీరా. నువ్వుండగా నాకేం దిగులు" అని దాన్ని నాకు అప్పజెప్పాడు. ఆఫీసులో నన్ను "సార్, మీరు" అనేది. గుమ్మం దాటితే "బాబాయ్, నువ్వు". ఎప్పుడైనా ఆఫీసులో నోరు జారి బాబాయ్ అంటే, నేను కళ్ళెర్రజేసేవాణ్ణి. అది లెక్క చేసేది కాదు.

పిచ్చుకకు పెళ్ళయిన ఏడాదికి అల్లుడికి బదిలీ అయింది. అతను వంతెనలు కట్టే ఇంజనీరు. మా లాయర్ల సంస్థ పెద్దాఫీసు ఉన్న నగరంలోనే నది మీద ఒక వంతెన పని అతనికి పడింది. అతను మంచివాడు, మాట తక్కువ. వెళ్ళేముందు నాతో, "మీరు కాస్త చూడండి మావయ్యగారూ" అని మాత్రం అన్నాడు. అప్పటికి పిచ్చుకకు మూడున్నరేళ్ళ అనుభవం. అంటే ముహూర్తం దాటిపోవడానికి ఆరు నెలలే మిగిలాయి.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక అడిగింది. "ఎప్పుడు వెళ్ళమంటావు బాబాయ్? వంతెన వచ్చి మన వీధిలో కట్టించుకోదు కదా, నేనే వెళ్ళాలి."

"ఖాళీ రానీ. వచ్చిన రోజే వెళ్ళిపో" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "అలా అనండి, కొత్త కాపురం. వాళ్ళనలా వేరువేరుగా ఉంచి మనం సాధించేదేముంది" అంది. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పటికి నాలో ఏ కల్మషమూ లేదు.

మా పనిలో ఒక పద్ధతుంది. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొనేటప్పుడు, సంతకాలన్నీ ఆఖరి రోజున పెట్టించుకుందామంటే కుదరదు. ఒకాయన విమానంలో ఉంటాడు, ఇంకొకాయన ఆసుపత్రిలో ఉంటాడు. అందుకని సంతకం పేజీలు ముందే తెప్పించి, తేదీ వెయ్యకుండా లాయరు సొరుగులో దాస్తాం. ఆ రోజు వచ్చాక అందరూ "సరే" అంటేనే తేదీ వేస్తాం. అప్పటిదాకా ఆ సంతకాలు ఉన్నా లేనట్టే. ఇదంతా లాయరు మీద నమ్మకంతో నడుస్తుంది.

మామూలు మనుషులైతే బదిలీ అడిగే కాగితం తామే రాసుకుని తామే పంపుకుంటారు. పిచ్చుక లాయరు కదా! కాగితం ముందే నింపి, సంతకం పెట్టి, తేదీ దగ్గర ఖాళీ వదిలి నా బల్ల మీద పెట్టింది. "నీ చేతుల మీదుగా వెళ్తే విలువుంటుంది కదా. నేను సరే అన్న రోజు తేదీ వేసి పంపెయ్" అంది. మా తెలివికి మేమే మురిసి ఇద్దరం నవ్వుకున్నాం. కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

అప్పుడు మా చేతిలో శీతల గిడ్డంగుల కంపెనీ కొనుగోలు ఉంది. మేం కొనేవాళ్ళ తరఫున. మూడు వందల పైచిలుకు అద్దె ఒప్పందాలు. వాటన్నిటినీ చదివింది పిచ్చుక ఒక్కతే. ఏ గిడ్డంగి కప్పు బాగుచేయించాల్సింది ఎవరు, ఏ యజమాని ఎప్పుడు ఖాళీ చెయ్యమనొచ్చు, అన్నీ దాని నాలుక మీద ఉండేవి. నేను పెద్దమనిషినని ముందు కూర్చునేవాణ్ణి. అవతలివాళ్ళు ఏదైనా అడిగితే వెనక్కి చూసేవాణ్ణి, అది చెప్పేది. ఆ కొనుగోలు సవ్యంగా జరిగితే సంస్థ నడిపే నలుగురిలో నన్నొకణ్ణి చేస్తామన్నారు. ఆశ ఉండటం తప్పని ఇప్పటికీ అనను. దాని కోసం ఏం చేశానన్నదే తప్పు.

సంతకాలు శుక్రవారం అనుకున్నాం. ఆ వారం సోమవారం మధ్యాహ్నం పెద్దాఫీసులో ఒక ఖాళీ ఉందని కబురొచ్చింది. పిచ్చుక పరిగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చింది. "సరే అంటున్నాను బాబాయ్! వేసెయ్ తేదీ! శుక్రవారం సంతకాలయ్యాక వస్తానని వాళ్ళకి నేను చెప్పుకుంటాను."

"అలాగే తల్లీ" అన్నాను.

వెయ్యలేదు. పెద్దాఫీసువాళ్ళకు ఒక దురలవాటుంది. మనిషిని తీసుకున్న రోజే ఫోన్ చేసి, చేతిలో పని కింద పెట్టించి, తమ పని అంటగడతారు. అదే జరిగితే శుక్రవారం నేను వెనక్కి తిరిగి చూస్తే ఎవరుంటారు? నాలుగు రోజులే కదా, ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. శుక్రవారం వచ్చేసరికి అమ్మేవాళ్ళు ఒక గిడ్డంగి మురుగు కాలువ దగ్గర పేచీ పెట్టారు. సంతకాలు మరో వారానికి జరిగాయి. కాగితం సొరుగులోనే ఉంది.

ఈ లోపల పిచ్చుక రెండుసార్లు అడిగింది, ఏమైనా కబురొచ్చిందా అని. "పెద్దాఫీసు కదా, నింపాదిగా చూస్తారు" అన్నాను. లాయర్లం అబద్ధం ఆడమని చెప్పుకుంటాం. నిజాన్ని మనకు కావలసిన చోట ఆపడం మాత్రం మాకు బాగా వచ్చు.

మరుసటి శుక్రవారం పొద్దున సంతకాలయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు, కొనేవాళ్ళ పెద్ద నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను నా గదిలోకి వెళ్ళి, సొరుగు తీసి, బదిలీ కాగితం మీద ఆ రోజు తేదీ వేసి పంపాను. పాత తేదీ వేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అది దొంగ పని అవుతుందని మానేశాను. అంతటి నీతిమంతుణ్ణి మరి!

సోమవారం జవాబొచ్చింది. ఇంకెవరైనా అడుగుతారేమోనని మొన్న బుధవారం దాకా చూశారట. ఎవరూ అడగకపోతే, మొదటి రోజే అడిగిన ఇంకో ఊరి కుర్రాడికి ఇచ్చేశారట. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు బడిలో వంద సార్లు రాశాను. చేతిరాత బాగుపడింది, అంతే.

"ఇంకెవరికో ఇచ్చేశారమ్మా" అన్నాను పిచ్చుకతో. అక్కడితో ఆపాను. అది "పోనీలే బాబాయ్, నువ్వు మొహం అలా పెట్టకు. ఇంకోటి వస్తుంది" అని తిరిగి నన్నే ఓదార్చింది.

ఇంకోటి పదకొండు నెలలకొచ్చింది. అప్పటికి దానికి నాలుగేళ్ళు దాటాయి. తలుపు మూసుకుపోయింది. అల్లుడున్న ఊళ్ళోనే వేరే సంస్థలో చేరతానని ఒకసారి అంది. "గిడ్డంగుల కొనుగోలుతో ఇక్కడ మంచిపేరు వచ్చింది. అక్కడికెళ్ళి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతావా?" అని అడ్డుపడిందీ నేనే. అప్పటికి ఆ నలుగురిలో నేనొకణ్ణయ్యాను. నా గది పెద్దదయింది.

మొదట్లో రెండు వారాలకోసారి వాళ్ళలో ఒకరు ప్రయాణం చేసేవాళ్ళు. తర్వాత నెలకోసారి. తర్వాత ఫోన్లే. పిచ్చుక మెట్ల దగ్గర నిలబడి మాట్లాడేది, తిరిగొచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉండేవి. మూడేళ్ళకు విడాకుల కాగితాలు తనే రాసుకుని, ఒకసారి చూడమని నాకిచ్చింది. చూశాను. ఎక్కడా ఒక్క తప్పు లేదు. నేను నేర్పిన పనే, నాకంటే బాగా చేసింది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది, అల్లుడికి ఓపిక లేదని తిట్టింది. అవునన్నాను. ఆ అవునన్నది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు గడిచాయి. పిచ్చుక ఇప్పుడు నా పక్కగదిలో ఉంటుంది, దాని కింద నలుగురు పనిచేస్తారు. పోయిన మంగళవారం వాళ్ళలో ఒక జూనియరు అమ్మాయి కాఫీ మిషను దగ్గర పిచ్చుకతో మాట్లాడుతోంది. ఆ అమ్మాయికి రెండున్నరేళ్ళ అనుభవం. పెద్దాఫీసులో ఖాళీ వచ్చింది, ఎప్పుడు అడగాలి అన్నది ఆ పిల్ల సందేహం. నేను కప్పు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"మన చేతిలో ఉన్న ఫ్యాక్టరీ అమ్మకం పూర్తవనీ" అంటోంది పిచ్చుక. "కాగితం మీద సంతకం పెట్టి సార్‌కిచ్చెయ్. ఆయన అదను చూసి పంపుతారు. నాదీ ఆయనే పంపారు."

"నాకివ్వద్దు!" అన్నాను. అన్నానంటే అరిచాను. కప్పులో కాఫీ చొక్కా మీద ఒలికింది. "ఎవరికీ ఇవ్వద్దు. ఇవాళే నువ్వే పంపుకో. ఫ్యాక్టరీ ఎక్కడికీ పారిపోదు."

జూనియరు బిక్కచచ్చిపోయింది. నేను గదిలోకొచ్చి కూర్చున్నాను. పిచ్చుక వెనకే వచ్చి తలుపేసింది.

"ఏంటి బాబాయ్, ఆ అరుపు? ఆ పిల్ల ఏమనుకుంటుంది? నేనేం తప్పు చెప్పాను?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. బీపీ అనో, నిద్ర లేదనో చెబితే నమ్మేది. చెప్పబోయాను కూడా. దాని మొహం చూస్తే అబద్ధం రాలేదు.

"గిడ్డంగుల కొనుగోలప్పుడు నీ కాగితం నేను వెంటనే పంపలేదు. నువ్వెళ్ళిపోతే పని చెడుతుందని ఆపాను."

అది నిలబడే ఉంది. "ఎన్ని రోజులు?" అంది.

"పదకొండు."

"అంటే శుక్రవారం."

"అవును."

"ఆయనా శుక్రవారమే అన్నాడు" అంది. నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఎవరని నేను అడగలేదు. అదే చెప్పుకుపోయింది. "ఆ ఖాళీ పోయినప్పుడు ఆయన పెద్దాఫీసుకెళ్ళి అడిగాడట, మా ఆవిడ్ని ఎందుకు తీసుకోలేదని. ఆలస్యంగా వచ్చిందని కాగితం మీద తేదీ చూపించారట. నీకు రావాలని లేకపోతే మొహం మీద చెప్పొచ్చు కదా అన్నాడు నాతో. సోమవారమే అడిగానని నేను. మరి శుక్రవారం ఎందుకుందని ఆయన. మూడేళ్ళు అదే గొడవ బాబాయ్. ఏది మొదలెట్టినా చివరికి అక్కడికే వచ్చేది. ఆయన నన్ను మళ్ళీ నమ్మలేదు."

"నన్నొక్క మాట అడగాల్సింది కదమ్మా."

"ఎలా అడగను? మీ బాబాయే ఆపుంటాడు అని ఆయన ఒకసారి అన్నాడు. మా బాబాయ్‌ని అంత మాటంటావా అని నానా మాటలూ అన్నాను. రెండు నెలలు ఫోనెత్తలేదు. ఆ తర్వాత నిన్ను అడిగితే, నిన్ను అనుమానించినట్టవుతుందని ఊరుకున్నాను."

కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకుంటుంది? నేను దాని పని చెడగొట్టాననే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. నా తరఫున వాదించి, మొగుణ్ణి పోగొట్టుకుందని నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

"అల్లుడికి ఇప్పుడే ఫోన్ చేస్తాను" అన్నాను. "తప్పు నాదని చెప్తాను. కావాలంటే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను." ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

పిచ్చుక చెయ్యి చాపి నా చేతి మీద వేసి ఆపింది. "వద్దు. పోయిన నెలే ఆయనకి పెళ్ళయింది."

నాకు తెలియదు. నాకెవరు చెబుతారు?

"నా మీద కోపంతోనే ఆ మనిషి మళ్ళీ లేచి నిలబడ్డాడు బాబాయ్" అంది మెల్లగా. "ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తే ఆ కోపం పోతుంది. పోయాక ఆ కొత్త ఇంట్లో ఆయన ఎలా ఉంటాడు?"

నేను ఫోను కింద పెట్టేశాను. అది లేచి, కళ్ళు తుడుచుకుని, తలుపు తీసుకుని వెళ్ళింది. అద్దాల్లోంచి కనబడుతూనే ఉంది. జూనియరు కుర్చీ వెనక నిలబడి, ఆ అమ్మాయి తన కాగితం తనే పంపుకునేదాకా అక్కణ్ణించి కదల్లేదు.