తలుపులు అనే ఒక్క మాట

ఆ వేళ్లని మాత్రం దేనితో కొలవాలో నాకిప్పటికీ తెలీదు. నేను ఒక ఇనుప టేపుని. పదహారు అడుగుల లోపు దేన్నయినా అంకెల్లోకి దించగలను; ఫ్యాక్టరీలో నా ఒంటిమీద గీతలు అచ్చువేసిన రోజు నుంచీ నాకున్న గర్వం అదొక్కటే. నా మొదటి యజమాని బిల్డింగు కాంట్రాక్టరు. నేను పది చూపిస్తే కాగితం మీద పన్నెండు వేసేవాడు. మనుషులు కొలుస్తారు గానీ కొలతని నమ్మరేమో అనుకునేదాన్ని. ఆయన నన్నొక సైటులో మరిచిపోతే, విజయనగరం వడ్రంగి సోమాచారి చేతికొచ్చాను.

ఒక ఉదయం మేం వయొలిన్ నేర్పే పరాంకుశం మాస్టారింటికి వెళ్లాం. గోడకి బీరువాలు కట్టాలి. మాస్టారికి చూపు లేదు.

"ఆచారిగారూ, తలుపులు పక్కకి జరిగేవే పెట్టండి. తెరిచి వదిలేసిన తలుపు నాకు కనిపించదు. దానికి మాత్రం నేను బాగానే కనిపిస్తాను," అని నుదుటి మీద కుట్లు చూపించి నవ్వారు.

తర్వాత నన్ను అడిగి తీసుకున్నారు. నా కొసని నేలకి ఆనించి పట్టుకోమని సోమాచారికి చెప్పి, వేళ్లతో తడుముతూ పైకి వెళ్లారు. నా గీతలు వేళ్లకి అందేవి కావు. అయినా చెయ్యి అందినంత మేర వెళ్లి ఆగి, "పై అర ఇంతకి మించొద్దు," అన్నారు. అంకె చూడకుండా నన్ను నమ్మిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం షెడ్డులో సోమాచారి ఎస్టిమేటు రాస్తుంటే బావమరిది వీరాచారి పక్కన చేరాడు.

"తలుపులు అని రాసి ఊరుకో బావా. పక్కకి జరిగేవంటే మన రేటు పెరిగి, పని మాస్టారు రేటడిగిన ఆ రెండో వడ్రంగికి పోతాది. సగం పనయ్యాక చెప్దాం, అవి వేరే ఖర్చని. అందరూ చేసేదే కదేటి."

"ఆయన నోటితో చెప్పాడురా."

"చెప్పాడు. కాగితం చదవలేడు కదా."

షెడ్డులో నెల రోజులుగా పని లేదు. సోమాచారి 'తలుపులు' అని రాసి ఆగిపోయాడు. ఆ మాటకీ తర్వాతి మాటకీ మధ్య ఆయన లోపల నడుస్తున్న దూరం ముందు నా పదహారు అడుగులూ చిన్నబోయాయి. కళ్లు మూసుకుని, మాస్టారిలా చెయ్యి ముందుకి చాచి, గాల్లో అలాగే ఉంచాడు కాసేపు.

"ఏటి బావా, నిద్రా?"

సోమాచారి కళ్లు తెరిచాడు. ఆ వరసలో ఇక చోటు లేదు. పెన్సిలు మొన చెక్కుకుని, 'తలుపులు' పైన ఇరికించి, 'పక్కకి జరిగేవి' అని రాశాడు.