నెవిల్ లేని ఇరవై నిమిషాలు

నా మొగుడు నెవిల్ తన తివాచీల కొట్టులో పనిచేసే కొరీన్‌తో వెళ్ళిపోయిన రోజు మా ఇంట్లోంచి రెండు పోయాయి: అతనూ, టీవీ. టీవీ కోసమే ఎక్కువ ఏడ్చానని స్టేజీ మీద చెబుతాను. అది నిజం కాదు. నాలుగు నెలలు ఏడ్చింది అతని కోసమే. కానీ ఆ మాట చెబితే జనం గ్లాసుల్లోకి చూసుకుంటారు, టీవీ అంటే నవ్వుతారు.

వెళ్ళిన మూడో రోజు తలుపు కొట్టాడు. జుట్టు సవరించుకుని, మొహం కడుక్కుని వెళ్ళి తీశాను. రిమోటు మర్చిపోయాడట.

వేక్‌ఫీల్డ్‌లో ఒక పబ్బులో, కొత్తవాళ్ళకి మైకు ఇచ్చే రోజున, మొదటిసారి ఈ సంగతి చెప్పాను. ముందు వరసలో ఒకావిడ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గు నాకు ఏ డాక్టరూ ఇవ్వని మందులా పనిచేసింది. రెండేళ్ళలో ఆ ఒక్క రిమోటు ఇరవై నిమిషాల హాస్య ప్రదర్శన అయింది. చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను తివాచీ మొగుడి పెళ్ళాం అనేవాళ్ళు.

నెవిల్ చెవిన పడితే సిగ్గుతో చస్తాడనుకున్నాను. పద్నాలుగేళ్ళు కాపురం చేసి కూడా అతన్ని తెలుసుకోలేదన్నమాట. కొత్త టై కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మా ఆయన పిసినారి అని నేనన్నప్పుడల్లా పక్కవాడి భుజం తట్టి, “నేనే, నేనే” అన్నాడు. అయ్యాక నా దగ్గరికొచ్చి, “మూడో రోజు కాదు యూనిస్, రెండో రోజు వచ్చాను. మంగళవారం” అని సరిదిద్దాడు. అప్పట్నుంచి ఒక్క ప్రదర్శన వదలలేదు.

ఆ వసంతంలో మా బార్న్స్‌లీ కార్మికుల క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం నా ప్రదర్శన పెట్టారు. స్కార్‌బరో సముద్రపొడ్డున వేసవి ప్రదర్శనలకు మనుషుల్ని ఎంచే ట్రాంటర్ చూడ్డానికి వస్తున్నాడని, క్లబ్బులో కార్యక్రమాలన్నీ చూసే విల్ఫ్ ఫోన్ చేసి చెప్పాడు. పన్నెండు వారాల పని. అది దొరికితే పందొమ్మిదేళ్ళుగా పిల్లలకి బంగాళదుంపలు మెదిపి పెడుతున్న బడి వంటిల్లు వదిలెయ్యొచ్చు.

“ఆయనకి తివాచీ మొగుడు కావాలట తల్లీ. అదే చెయ్యి,” అన్నాడు విల్ఫ్.

శనివారం నేను మర్నాటి జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటుంటే నెవిల్ వచ్చాడు. పిలవకుండానే కుర్చీ లాక్కున్నాడు.

“రేపు రిమోటు మొదట్లోనే వాడెయ్యకు. చివరికి దాచు.”

“నాకు నేర్పడానికొచ్చావా?”

“నీ మంచికే. ఇంకోటి, నా గురక గురించి చెప్పవేం? అది బాగా పండుతుందని కొరీన్ అంటోంది.” జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. “ఇంకా ఏడు రాసింది.”

“కొంచెమైనా సిగ్గుందా నెవిల్?”

“సిగ్గెందుకు? కొట్టుకొచ్చేవాళ్ళలో సగంమంది నన్ను చూడ్డానికే వస్తున్నారు. మొన్నొకాయన బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద సంతకం పెట్టించుకున్నాడు.” గోడ మీది అద్దంలో టై సర్దుకున్నాడు. “ఆలోచించుకో. నేను వెళ్ళకపోతే నువ్వెవరివి? ఇదంతా ఒక రకంగా నా చలవే.”

ఇస్త్రీపెట్టె తీసి దూరంగా పెట్టాను. చేతిలో ఉండడం మంచిది కాదనిపించింది.

“స్కార్‌బరోలో నాకూ కొరీన్‌కీ పన్నెండు వారాలూ సీట్లు ఉంటాయిగా?” అన్నాడు వెళ్తూ వెళ్తూ.

ఆ కాగితం చదివాను. ఏడింటిలో నాలుగు నిజంగానే బాగున్నాయి. అది ఇంకా మండించింది.

మా క్లబ్బులో సభ్యత్వం మగాళ్ళకే. ఆడవాళ్ళు మొగుడి కార్డు మీద, గుమ్మం దగ్గర పుస్తకంలో అతను సంతకం పెడితే అతిథిగా లోపలికి వెళ్ళాలి. ఆదివారం నేను వెనక తలుపులోంచి, స్టేజీ మనిషిగా వెళ్ళాను. తెర పక్కనుంచి చూస్తే నెవిల్ పుస్తకంలో కొరీన్ పేరు రాసి, తన పాత కుర్చీలో కూర్చున్నాడు. రాణిగారు వచ్చినా ఆ కుర్చీ ఇవ్వరు. ట్రాంటర్ బారు దగ్గర నిలబడ్డాడు.

మైకు ముందుకు వెళ్ళేదాకా నాకూ తెలీదు ఏం చెప్పబోతున్నానో. నెవిల్ అప్పటికే పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

“పద్నాలుగేళ్ళు ఆ రేడియేటరు పక్కన వెచ్చగా కూర్చున్నాను,” అన్నాను. “తర్వాత ఒక ఆదివారం ఒంటరిగా వచ్చాను. గుమ్మంలో విల్ఫ్ అడిగాడు, ఎవరి కార్డు మీద అమ్మాయ్ అని. ఏటేటా క్రిస్మస్‌కి నీకు కేకు తెచ్చిపెట్టాను కదయ్యా అన్నాను. కేకు గుర్తుంది, కేకుని లోపలికి పంపిస్తానన్నాడు.”

వెనక ఒక ఆడగొంతు నవ్వింది.

“లోపల నలభైమంది ఉన్నారు. ఒక్క సంతకం చాలు. గుమ్మంలోంచి చూశాను. నలభైమందికీ ఒక్కసారే బూటు లేసులు ఊడాయి. నలభై బట్టతలలు కిందికి వంగాయి. బార్న్స్‌లీలో అంత వెలుగు ఎప్పుడూ లేదు.”

మగాళ్ళు నవ్వలేదు. నవ్విందల్లా ఆడవాళ్ళే, పుస్తకంలో ఎవరో ఒకరు రాస్తే వచ్చినవాళ్ళు. కొరీన్ కూడా నవ్వి, నెవిల్‌ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెవిల్ నాకేసి చూస్తూ, వేలితో గాల్లో రిమోటు నొక్కి చూపించాడు. మర్చిపోయాననుకున్నాడు పాపం.

పన్నెండో నిమిషంలో విల్ఫ్ పక్క మైకులో దగ్గాడు. “మాంసం పైలు వచ్చాయి.” మా క్లబ్బులో పైలు, అంటే మాంసం కూరి కాల్చిన రొట్టెలు, వస్తే ఎవరి ప్రదర్శన అయినా ఆగాల్సిందే. మగాళ్ళంతా లేచారు.

“వెళ్ళండి,” అన్నాను. “పై కోసమైతే లేవగలరన్నమాట. ఆ రోజు చేతిలో ఒక పై పట్టుకుని రావాల్సింది.”

వరసలో నిలబడ్డవాళ్ళలో ఇద్దరు నవ్వేశారు, ఆపుకోలేక. ఆడవాళ్ళు ఒక్కరూ లేవలేదు. ఎనిమిది నిమిషాలు వాళ్ళకే చెప్పాను: ఒక్కదాన్నే సింకు దగ్గర నిలబడి తినడం, ఇల్లు వేడిచేసే బాయిలరు పాడైతే మేజోళ్ళ మీద మేజోళ్ళు వేసుకుని చేతులకి కూడా అవే తొడుక్కోవడం. ఇవి ఇంతకుముందు ఎక్కడా చెప్పలేదు. రెండు చోట్ల అసలు నవ్వు రాలేదు. అయినా చెప్పాను.

నెవిల్ ఇక ఉండబట్టలేక అరిచాడు. “నా సంగతి చెప్పవేం యూనిస్?”

“మీరెవరండీ?” అన్నాను.

అంత నవ్వు ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు. అతను కూడా నవ్వబోయాడు, అలవాటు కొద్దీ. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

దిగాక ట్రాంటర్ పై తింటూ వచ్చాడు. “తివాచీ మొగుడు ఏడీ?”

“నేనే,” అన్నాడు నెవిల్ చెయ్యి చాపి.

ట్రాంటర్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. “కాస్త పొడుగ్గా ఉంటావనుకున్నాను,” అని నావైపు తిరిగాడు. “చూడమ్మా, స్కార్‌బరోకి నాకు ఆ మొగుడే కావాలి. ఇవాళ చెప్పింది ఇంకా సానపట్టాలి. దీనికైతే స్కార్‌బరో కంటే చిన్న ఊరు, క్లీథోర్ప్స్‌లో నాలుగు వారాలు, మధ్యాహ్నం ఆటలు. అంతే ఇవ్వగలను. ఏది కావాలి?”

పన్నెండు వారాలంటే వంటిల్లు వదలడం. నాలుగంటే వేసవి సెలవులయ్యాక మళ్ళీ అదే బంగాళదుంపలు. నెవిల్ మొహం చూశాను. నేను స్కార్‌బరో అంటానని అతనికి ఏ మాత్రం అనుమానం లేదు.

“క్లీథోర్ప్స్,” అన్నాను.

ట్రాంటర్ భుజాలెగరేసి రాసుకున్నాడు.

“నీకు పిచ్చా?” అన్నాడు నెవిల్. ఆ గొంతులో కోపం కూడా లేదు, నిజంగా అర్థంకాలేదు అతనికి. “నేను లేకుండా నాలుగు వారాలు ఏం మాట్లాడతావు?”

“ఇంకా తెలీదు,” అన్నాను. “జులై దాకా టైముందిగా.”