ఆవిరి చక్రం, పిండి గుడ్డ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు ఆ శుక్రవారం ఇన్‌స్పెక్టర్ మక్కీ గారు నా పాఠం చూడ్డానికొచ్చారు. ఆయనకి నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంకో ఏడాది ప్రొబేషన్. ఖాయమైపోయిందని మా అమ్మ అప్పుడే ఫెజ్ పట్నంలో మా వీధి వీధంతా చాటేసింది కూడా!

మాది అజ్రూ కొండల మీది బడి. పిల్లలు చేతులతో చేస్తూ నేర్చుకోవాలని శిక్షణలో చెప్పారు కదా అని, వారం రోజులు కూర్చుని నేనే ఆవిరి యంత్రం చేశాను. డబ్బాలో నీళ్లు, దాని మీద బోర్లించి టేపు చుట్టిన గరాటు, గరాటు మూతి దగ్గర రేకు చక్రం. నీళ్లు మరిగితే చక్రం తిరగాలి. పిల్లలకి మిగిల్చిన పనల్లా చక్రానికి రంగులేయడం. అది ముందు రోజే అయిపోయింది.

"చేతులు కట్టుకోండి. ఎవరైనా ముట్టుకున్నారో, వీపు విమానం మోతే!"

అని పిల్లల్ని హెచ్చరించి స్టవ్ వెలిగించాను. నీళ్లు మరిగాయి. టేపు తడిసి ఊడిపోయి, డబ్బాకీ గరాటుకీ మధ్య నుంచి ఆవిరంతా బుస్సుమని పక్కకి పోయింది. చక్రం కదిలితే ఒట్టు.

"టీచర్, మీ ఇంట్లో ఆవిరి మీద కుస్కుస్ రవ్వ వండరా?" అంది ముందు బెంచీ పిల్ల ఇట్టో. పదేళ్లది, నోరు మాత్రం ఇంతుంటుంది.

"ఇప్పుడు తిండి గోలేంటే?"

"గుడ్డేదీ మరి? కింది కుండకీ పై చిల్లుల గిన్నెకీ మధ్య మా అమ్మ పిండిలో ముంచిన గుడ్డ చుడుతుంది. లేకపోతే ఆవిరి పోదూ?"

ఛీ, నా బతుకు! చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం ఆ గుడ్డ చుట్టింది నేనే.

స్టవ్ ఆర్పి, డబ్బా చల్లారాక, "సరే, చుట్టు తల్లీ," అన్నాను. ఇక చూడాలి! పిల్లలు బడి వంటావిడ దగ్గర్నుంచి పిండి తెచ్చారు, పాత తువ్వాలు చింపారు.

"నీళ్లెక్కువ పోశావ్, గాడిదా!"

"పోనీ నువ్వు కలుపు, చూస్తాం!"

మొదటిసారి గుడ్డ జారింది. రెండోసారి బిగించి కట్టారు. మళ్లీ వెలిగించాను. చక్రం గిర్రున తిరిగింది. క్లాసు దద్దరిల్లింది.

మక్కీ గారు లేచొచ్చారు. "ఇదెవరు చేశారమ్మా?"

'నేనే' అన్న మాట నోటి దాకా వచ్చింది.

"నేను చేసింది తిరగలేదు సార్. తిరుగుతున్నది వీళ్లు చేసింది." పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకున్నాను.

ఆయన నవ్వి, కాగితం మీద సంతకం పెట్టారు. "ఖాయం చేశానమ్మా. మరి వచ్చే పాఠంలో నువ్వేం చేస్తావ్?"

నేను నోరు తెరిచేలోపే ఇట్టో లేచింది.

"చేతులు కట్టుకుంటారు సార్!"

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వుతూనే చేతులు కట్టుకున్నాను.